ఫోరెస్ భోజనశాలలోని ముక్కాలిపీటకు ఒక బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ ముక్కాలిపీట గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి కలం ఆపాను. మీరున్న ఇంట్లో కుశలమన్న మాటకు చోటు లేదని లోకానికంతా తెలుసు. స్కాట్లండు దేశంలో, ఫోరెస్ రాజభవనంలో, ‘మాక్‌బెత్’ నాటకం మూడవ అంకం నాలుగవ రంగాన విందు బల్ల దగ్గర వేసిన ఆసనం మీరు. 1606 ప్రాంతంలో షేక్‌స్పియర్ మిమ్మల్ని అక్కడ వేయించాడు. 1623లో ఆయన నాటకాల సంపుటంతో పాటు మీరూ అచ్చుకెక్కారు. అయినా పాత్రల పట్టికలో మీ పేరు వేసిన పుణ్యాత్ముణ్ణి నేనింతవరకు చూడలేదు.

మా భాషలో మీ వంశవృక్షం గురించి మీకు తెలియకపోవచ్చు. సంస్కృతంలో పీఠమన్నదే తెలుగులో పీట అయింది. రాజులు ఎక్కేదాన్ని తత్సమంతోనూ, వంటింట్లో వాల్చుకునేదాన్ని తద్భవంతోనూ పిలుచుకుంటున్నాం గానీ రెండూ ఒకే మాట. మాక్‌బెత్ దొరవారు నిద్రపోతున్న ముసలిరాజు డంకన్‌ను పొడిచింది తత్సమం కోసం. తీరా రాజైన తర్వాత తన ఇంటి విందులో ఆయనకు తద్భవం కూడా దక్కలేదు. మా డిగ్రీ పరీక్షల్లో ‘మాక్‌బెత్ పతనానికి కారణమేమి?’ అని అడిగేవారు, మేము ‘హద్దులేని అధికారకాంక్ష’ అని నాలుగు పుటలు నింపేవాళ్లం, మార్కులు పడేవి. ఇంత చేసిన మనిషి చివరికి కూర్చున్నాడా అని మాత్రం ఎవరూ అడగలేదు.

మీ దాకా ఆయన వచ్చిన దారిని ఒకసారి తలుచుకుందాం. యుద్ధం గెలిచి వస్తున్న సేనాపతికి ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై, కాడర్ ప్రభువువి అవుతావనీ ఆ తర్వాత రాజువవుతావనీ చెబుతారు. మొదటిది అప్పటికే నిజమైపోయింది, ఎందుకంటే పాత కాడర్ ప్రభువు రాజద్రోహం చేసి పట్టుబడ్డాడు, వాడి బిరుదును దొరవారికి ఇచ్చారు. ‘ఆ మనిషిని నేను పూర్తిగా నమ్మాను’ అని డంకన్ రాజు పాత ద్రోహిని తలుచుకుని నొచ్చుకుంటున్న క్షణంలోనే కొత్త కాడర్ ప్రభువు గుమ్మంలో అడుగుపెడతాడు. ఆ రోజుల్లో స్కాట్లండులో రాజరికం తండ్రి నుంచి కొడుక్కి సూటిగా దిగేది కాదు, దాయాదుల మధ్య తిరుగుతుండేది. అందుకే డంకన్ తన కొడుకు మాల్కంను వారసుడిగా ప్రకటించగానే దొరవారికి అది కాళ్లకు అడ్డుపడే మెట్టులా కనిపించింది.

ఇక్కడ నేను దొరవారిని మెచ్చుకోక తప్పదు. హత్యకు ముందు ఆయన ఒంటరిగా నిలబడి లెక్క వేసుకుంటాడు. డంకన్ తనకు బంధువు, తన ప్రభువు, పైగా ఆ రాత్రి తన ఇంటి అతిథి. హంతకుడు రాకుండా తలుపు మూయవలసిన తానే కత్తి పట్టకూడదు. ఇటువైపు చూస్తే తనను ముందుకు తోసేది వట్టి ఆశ ఒక్కటే, అదీ జీను మీదికి ఎగరబోయి అవతలి పక్కన పడే రౌతులాంటిది అంటాడు. జవాబు సరిగ్గా వచ్చింది. ఆయన భార్య, అంటే మన దొరసాని, వచ్చి నీవు మగవాడివేనా అని అడిగిన కాసేపటికి ఆ జవాబును తన చేత్తోనే కొట్టేశాడు. అయితే ఆ గుర్రాన్ని మరోసారి చూడండి. తన ఉపమానంలో సైతం ఆయన ఎగిరాడు, పడ్డాడు, జీను మీద మాత్రం కూర్చోలేదు. పట్టాభిషేకమైనా మన కంట పడిందా? రాజులకు పట్టం కట్టే స్కూన్‌కు వెళ్లాడట అని ఇద్దరు దొరలు చెప్పుకోగా విన్నామంతే.

ఇక మీ రంగానికి వస్తున్నాను. అతిథులందరినీ వారి వారి హోదాల ప్రకారం కూర్చోమని మర్యాద చేసి, దొరసానిని రాజపీఠం మీద ఉండనిచ్చి, తాను బంతి మధ్యలో కూర్చుంటానన్నాడు. అది మొదటిసారి. అంతలో దొరవారే పంపిన ఒక హంతకుడు ముఖాన నెత్తురు మరకతో గుమ్మం దగ్గర తచ్చాడాడు. దొరవారి స్నేహితుడూ తోటి సేనాపతీ అయిన బాంకో తల మీద 20 గాయాలతో గోతిలో పడి ఉన్నాడనీ, కొడుకు ఫ్లియాన్స్ తప్పించుకున్నాడనీ చెప్పి వెళ్లాడు. దొరవారు తిరిగి వచ్చేసరికి బల్ల నిండిపోయి ఉంది. మీకోసం చోటు ఉంచామండీ అని లెనాక్స్ అనే దొర చూపించాడు. అది రెండోసారి. ఆ చోట బాంకో కూర్చున్నాడు. దయ్యం మాయమయ్యాక, ఇక కూర్చుంటాను, మద్యం నిండుగా పోయండి అన్నాడు. అది మూడోసారి. దయ్యం మళ్లీ వచ్చింది.

ఆ గందరగోళంలో దొరసాని అన్న మాటను మీరు మరిచిపోయి ఉండరు. ఇంతా చేసి నీవు చూస్తున్నది వట్టి ముక్కాలిపీటను అని భర్తను కసిరింది. ఒక రాజు ప్రాణానికీ ఒక స్నేహితుడి ప్రాణానికీ కలిపి ఆ ఇంటి ఇల్లాలు కట్టిన ఖరీదు అదీ! దొరవారి ఫిర్యాదు అంతకన్నా విచిత్రమైనది. పూర్వం తల పగిలితే మనిషి చచ్చేవాడు, అంతటితో సరిపోయేది, ఇప్పుడు చచ్చినవాళ్లు లేచి వచ్చి మమ్మల్ని మా పీటల మీది నుంచి తోసేస్తున్నారు అంటాడు. తన కబ్జా భూమిని ఇంకెవరో కబ్జా చేశారని తహసీల్దారుకు అర్జీ పెట్టుకున్నవాడు కూడా ఇంత బాధగా రాసి ఉండడు. హోదాల ప్రకారం కూర్చున్న అతిథులను హోదా చూసుకోకుండా వెంటనే కదలమని దొరసాని సాగనంపింది. ఆ తర్వాత మీరు ఖాళీగానే ఉన్నారు, అయినా ఆయన కూర్చున్నట్టు నాటకంలో ఎక్కడా లేదు.

చరిత్ర ఈ విషయంలో ఎంతో దయగా ప్రవర్తించింది సుమా. అసలు మాక్‌బెత్ 1040లో యుద్ధంలో డంకన్‌ను ఓడించి, 1057 దాకా 17 ఏళ్లు రాజ్యమేలాడు. 1050లో రోముకు యాత్ర వెళ్లి పేదలకు డబ్బు పంచాడు. పీఠం మీద ఎంత ధీమా ఉంటే అంత దూరం వదిలి వెళ్తాడు చెప్పండి! 17 ఏళ్లు కూర్చున్నవాడిని షేక్‌స్పియర్ ఒక పూట భోజనానికైనా కూర్చోనివ్వలేదు. ఇక మీ మీద కూర్చున్న బాంకో అసలు పుట్టనే లేదనీ, తర్వాతి చరిత్రకారుల కల్పన అనీ పండితులు అంటారు. షేక్‌స్పియర్ ఈ కథను తీసుకున్న హాలిన్‌షెడ్ చరిత్ర గ్రంథంలో బాంకో డంకన్ హత్యలో భాగస్వామి కూడా. కానీ 1603లో ఇంగ్లండు గద్దెనెక్కిన జేమ్స్ రాజు బాంకో వంశస్థుడినని చెప్పుకునేవాడు కాబట్టి, నాటకంలో బాంకో కడిగిన ముత్యమయ్యాడు. ఏలుతున్న ప్రభువుల తాతముత్తాతలు తప్పు చేయరు, ఏ దేశంలోనైనా. మొత్తానికి, లేని మనిషి దయ్యమై వచ్చి మీ మీద కుదురుగా కూర్చుంటే, ఉన్న మనిషి నిలబడి వణికాడు.

తర్వాతి కథ మీ భోజనశాల దాటి జరిగింది. నెత్తుటి ఏట్లో ఇంత దూరం దిగాక వెనక్కి రావడమూ ముందుకు పోవడమూ ఒకటేనని తేల్చుకుని, తనకు ఎదురు తిరిగిన దొర మాక్‌డఫ్ ఇంట్లో లేకపోతే అతనికి బదులు అతని భార్యాపిల్లలను చంపించాడు. గుప్పెడు నీళ్లతో చెయ్యి కడిగితే చాలునన్న దొరసాని నిద్రలో నడుస్తూ ఆ చేతినే తోముకుంది. చివరి అంకంలో, శత్రువులు కోటను చుట్టుముడుతుండగా, ముసలితనానికి తోడుండవలసిన గౌరవం, ప్రేమ, విధేయత, స్నేహితుల గుంపు తనకు లేవని ఆయనే ఒప్పుకుంటాడు. ఆ రోజు మళ్లీ విందు పెట్టి ఉంటే మీ బల్ల దగ్గర చోటుకు కొదవ ఉండేది కాదు.

మరొక్క సంగతి మీ దృష్టికి తెచ్చి సెలవు తీసుకుంటాను. నాటకం చివరి మాటల్లో మాల్కం గారు అందరినీ స్కూన్‌లో తన పట్టాభిషేకానికి పిలిచారు. బాంకో సంతానం రాజులవుతుందని మంత్రగత్తెలు చెప్పిన మాట ఇంకా అలాగే ఉంది, ఆ రాత్రి చీకట్లో పారిపోయిన ఫ్లియాన్స్ ఎక్కడున్నాడో నాటకం చెప్పలేదు. కొత్త రాజుగారు విందుకు మీ దగ్గరికి వచ్చినప్పుడు, కూర్చోబోయే ముందు ఒకసారి చేత్తో తడిమి చూసుకోమని మనవి చేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
మూడవ అంకం దగ్గర ఇంకా పుస్తకం మూయని ఒక పాఠకుడు