షార్ట్ ఫిల్మ్ ఎడిటింగ్‌కి లక్ష రూపాయల సిస్టం కావాలా? ఆ పోస్టుకి నా జవాబు

షార్ట్ ఫిల్ములు తీసే స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. బిగినర్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేస్తే చూడగానే తెలిసిపోతుందట, రెండు ట్రాకులతో (వీడియో, ఆడియో పేర్చుకునే వరసలు) సినిమా అవ్వదట, ఎక్కువ రిజల్యూషన్ ఉన్న 4కె వీడియో ఆడదట, తెలుగు టైటిల్స్ విరిగిపోతాయట. అందుకని ముందు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి లక్ష పెట్టి సిస్టం కొనాలి, సాఫ్ట్‌వేర్‌కి డబ్బుల్లేకపోతే క్రాక్ (దొంగ కాపీ) వేసుకోవాలి, సినిమా సంగతి ఆ తర్వాతే అని. షూటింగ్ పూర్తయ్యాక ఇలాంటి మాటలకి భయపడి ఫుటేజ్‌ని హార్డ్ డిస్క్‌లోనే వదిలేస్తున్న పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది, అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నా.

చూడగానే తెలిసిపోతుందన్నది తప్పు. 2020లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచి, ఎడిటింగ్‌కి కూడా నామినేట్ అయిన 'పారసైట్'ని ఫైనల్ కట్ ప్రో 7లో ఎడిట్ చేశారు. ఆపిల్ దాన్ని 2011లోనే ఆపేసింది. అది బిగినర్ సాఫ్ట్‌వేర్ కాదు, ఒప్పుకుంటా, కానీ కొత్త వెర్షన్ లేనిదే పని జరగదన్న వాదన అక్కడే పోయింది. చూసేవాళ్లకి తెలిసేది ఏ షాట్ ఎక్కడ ఆపారన్నదే. రెడీమేడ్ ట్రాన్సిషన్లు వాడితే మాత్రం పట్టుబడతారు, వాడకండి.

ట్రాకుల సంగతిలో సగం నిజముంది. ఆపిల్ బిగినర్ సాఫ్ట్‌వేర్ ఐమూవీలో అసలు వీడియో మీద ఇంకొక్క వీడియో పొరే వేసుకోగలం. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్‌కి అది చాలు, ఇబ్బందంతా సౌండ్‌తోనే. ట్యాంక్‌బండ్ మీద తీసిన సీన్ తీసుకోండి: ఒక షాట్‌లో వెనక బస్సు హోరు ఉంటుంది, తర్వాతి షాట్‌లో ఉండదు, కట్ పడిన ప్రతిసారీ చెవికి గుచ్చుకుంటుంది. అదే లొకేషన్‌లో ఎవరూ మాట్లాడకుండా ఒక్క నిమిషం రికార్డ్ చేసుకుని, ఆ శబ్దాన్ని సీన్ మొత్తం కింద పరిస్తే అతుకులు చాలావరకు కనపడవు. డైలాగులు, పరిసరాల శబ్దం, మ్యూజిక్ విడివిడిగా మిక్స్ చేయడానికి డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోనే ఫెయిర్‌లైట్ అనే సౌండ్ విభాగం ఉంది. బొమ్మలో చుక్కచుక్కలుగా కనపడే నాయిస్‌ని తీసే వీడియో ఎఫెక్ట్ ఆ ఉచిత వెర్షన్‌లో రాదు, ఎక్స్‌పోర్ట్ కూడా అల్ట్రా హెచ్‌డీ (4కె) దాటదు, స్టూడెంట్ ఫిల్మ్‌కి అంతకంటే ఎందుకు? ఇంకొకటి, పెదాలకీ మాటకీ పొంతన తప్పితే చాలామంది సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని బొమ్మలన్న లెక్క) చాలాసార్లు స్థిరంగా ఉండదు, విడిగా రికార్డ్ చేసిన ఆడియో పోనుపోను జారిపోతుంది. ముందే వీడియోలు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టాంట్ (స్థిరమైన) ఫ్రేమ్ రేట్‌కి మార్చుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

4కె ఆడకపోతే ప్రాక్సీలు చేసుకోండి. చిన్న సైజు కాపీలతో ఎడిట్ చేస్తారు, ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైళ్ల నుంచే అవుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో రిజాల్వ్ మొరాయిస్తే కెడెన్‌లైవ్, షాట్‌కట్ ఉన్నాయి, రెండూ ఉచితం, రెండింట్లోనూ ప్రాక్సీలున్నాయి.

క్రాక్ సలహా గురించి ఒక్క మాట. దాంతో పాటు వైరస్ వస్తే పోయేది మీ ఫుటేజే, అందుకు సలహా ఇచ్చినవాళ్లు పూచీ పడరు.

తెలుగు టైటిల్స్ విరగడం నిజమే. 'లక్ష్మి' అని టైప్ చేస్తే ఒత్తులన్నీ ఊడిపోయి 'లక్‌ష్‌మి' అని వరసగా నిలబడతాయి. అయితే ఆ తప్పు బిగినర్ సాఫ్ట్‌వేర్ ఒక్కదానిదే కాదు, ప్రొఫెషనల్స్ వాడే ప్రీమియర్ ప్రోలో కూడా చాలా వెర్షన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకపోతే ఇదే గొడవ. బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంట్‌తో టైటిల్ రాసి, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీగా తీసి, వీడియో మీద పెట్టేయండి. చివర్లో పేర్లు పైకి వెళ్లాలంటే అన్నీ ఒకే పొడుగాటి బొమ్మగా చేసి కింది నుంచి జరిపితే సరిపోతుంది.