శాస్తి మాత్రం ఆటోమేటిక్

మా మేనల్లుడు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిల్వాకీ ఊళ్లో ఇల్లు కొన్నాడు. డిసెంబర్‌లో ఇంటి పన్ను బిల్లు వస్తే ఫోటో తీసి మా ఇంటివాళ్ల గ్రూపులో పెట్టాడు. "మామా, ఇందులో ఫస్ట్ డాలర్ క్రెడిట్ అని కొంత తగ్గించారు. నేనేమీ అప్లై చెయ్యలేదు" అన్నాడు.

మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా చివర, ప్రాణహిత ఒడ్డున ఉన్న మా ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. అడక్కుండా సర్కారు డబ్బు వదులుకుందంటే ఎక్కడో పొరపాటు జరిగి ఉండాలి. లేకపోతే పదేళ్లాగి వడ్డీతో సహా గుంజుతుంది. మా అక్కయితే "ఆ డబ్బులు మనకొద్దు, రేపే పోయి కట్టెయ్యమను" అంది.

మమ్మల్ని తప్పుపట్టకండి. మాకు ఇంటి పన్ను బిల్లు మరాఠీలో వస్తుంది. దాన్ని మేం తెలుగులో చదువుకుంటాం. ఇంటి పన్నుని మరాఠీలో ఘర్‌పట్టీ అంటారు. అదంటే గోడ బీటలు వారితే ఇంటికి కట్టే పట్టీ అనుకున్నాను చిన్నప్పుడు. థకబాకీలో బాకీ మనకి తెలిసిందే. పట్టణాల్లో చెట్ల పన్ను కూడా ఉంటుంది, 1975 నాటి చట్టం పుణ్యమా అని. పెరట్లో తులసి మొక్క తప్ప ఇంకేమీ లేనివాడు కూడా కడతాడు. కానీ మరాఠీ రాని ముసలమ్మకి కూడా ఒక్క చూపులో అర్థమయ్యే మాట ఆ బిల్లులో ఒకటుంది: శాస్తి. గడువు దాటాక నెలకి 2 శాతం చొప్పున పడే జరిమానాకి మరాఠీలో పేరదే. పుణేవాడికి అది లెక్కల మాట. మనకి మాత్రం పక్కింటివాడు గేటు దగ్గర నిలబడి "తగిన శాస్తి జరిగింది" అన్నట్టు వినిపిస్తుంది.

ఆ శాస్తికి దరఖాస్తు అక్కర్లేదు. రెండు ఫోటోలూ, జిరాక్సులూ అక్కర్లేదు. చిరునామా మారినా వెతుక్కుంటూ వస్తుంది. మా వైపు ఆటోమేటిక్‌గా జరిగే సర్కారీ పని ఇదొక్కటే కాబట్టి, ఆ మాటంటేనే మాకు భయం.

అయినా శాస్త్రీయంగా పరిశీలిద్దామని జడ్పీ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మా బావని పిలిచాం. మేనల్లుణ్ణి ఫోన్లో కూర్చోబెట్టి గంటన్నర విచారించాం. తేలిందేమిటంటే, అక్కడి ఇంటి పన్నులో స్కూళ్ల వాటా ఉంటుంది. ఇంటి విలువలో మొదటి కొన్ని వేల డాలర్ల మీద పడే స్కూలు పన్నుని రాష్ట్రమే భరిస్తుంది. అందుకే దానికి ఫస్ట్ డాలర్ అని పేరు. ఆ కొన్ని వేలు ఎన్నో ప్రతి ఏడూ రాష్ట్రమే తేలుస్తుంది. స్థలంలో కట్టడం అంటూ ఉంటే చాలు, కొట్టయినా సరే, వస్తుంది. ఖాళీ ప్లాటుకి రాదు. ఒకే స్కూలు పరిధిలో అయితే బంగళా వాడికీ, మామూలు ఇంటివాడికీ తగ్గేది దాదాపు ఒకటే మొత్తం.

ఇక్కడ బావ ముఖం చిన్నబోయింది. "పెద్దింటివాడికి పెద్ద తగ్గింపు లేకపోతే ఇక పెద్దిల్లు కట్టడం దేనికి?"

ఆయనకి ఊరటగా బిల్లులో ఇంకో అంకె కనిపించింది. స్కూల్ లెవీ క్రెడిట్ అట, పెద్ద మొత్తమే. బావ కళ్లజోడు సవరించుకుని దాన్ని కూడా మొత్తంలోంచి తీసేశాడు. అది ముందే తగ్గించేసి, తగ్గించామని తెలియజెయ్యడానికి వేసిన అంకె అని మేనల్లుడు మూడుసార్లు చెప్పాడు. బావ ఒప్పుకోలేదు. చేసిన మేలు చెప్పుకోవాలంటే ఫోటోతో ఫ్లెక్సీ కట్టాలి గానీ, చిన్నక్షరాల్లో బిల్లులో వేస్తారా?

ఇక నా అభిప్రాయం చెబుతాను. ఈ అడక్కుండా ఇచ్చే పద్ధతిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. అడగందే అమ్మయినా పెట్టదని మన పెద్దలన్నారు. అమ్మ కూడా చెయ్యని పని విస్కాన్సిన్ చేస్తే అమ్మ పరువేం కావాలి? పైగా ఒక దరఖాస్తు మీద ఎంతమంది బతుకుతారు! అర్జీ రాసిపెట్టే ఆయన, జిరాక్సు కొట్టు, చాయ్ టపరీ, "సాహెబ్ లంచ్‌కి వెళ్లారు" అని చెప్పే మనిషి. పుణే చూడండి, ఎంత సంస్కారం! సొంతింట్లో తామే ఉంటున్నవాళ్లకి అక్కడ ఇంటి పన్నులో 40 శాతం సూట్, అంటే రాయితీ, ఉంది. అయితే 2023లో దాన్ని మళ్లీ ఇచ్చినప్పుడు చాలామందిని పీటీ-3 అనే ఫారం నింపి, నీ ఇంట్లో నువ్వే ఉంటున్నావని రుజువు చూపించమన్నారు. నా ఇంట్లో నేనే ఉంటున్నానని రుజువు చేసుకుంటే మనిషికి తన మీద తనకి నమ్మకం కలుగుతుంది.

విస్కాన్సిన్ కూడా పూర్తిగా చెడిపోలేదు. అదే బిల్లులో లాటరీ క్రెడిట్ అని ఇంకో గడి ఉంది. మావాడి దాంట్లో సున్నా. "టికెట్ తగల్లేదన్నమాట" అంది అక్క. 1969 నుంచి మా మహారాష్ట్రకీ సర్కారీ లాటరీ ఉంది, అందులో మా కుటుంబ చరిత్ర కూడా సరిగ్గా ఆ సున్నాయే. కానీ అక్కడ కథ వేరు. లాటరీలో రాష్ట్రానికి మిగిలిన డబ్బుని ఇంటి పన్ను తగ్గించడానికి వాడతారు. జన్మలో టికెట్ కొననివాడికీ వాటా ఉంటుంది. జనవరి 1 నాటికి ఆ ఇల్లు నీదై, అదే నీ అసలు నివాసమై ఉండాలి. అద్దెకిచ్చిన రెండో ఇంటికి రాదు. ఇది మాత్రం ఒకసారి అడగాలి. అడిగాక, ఇల్లు అమ్మేదాకానో ఖాళీ చేసేదాకానో ఏటా దానంతటదే వస్తుంది.

ఫారం ఉందని వినగానే ఇంట్లో అందరి ప్రాణం లేచొచ్చింది. రెండు జిరాక్సులు, పాస్‌పోర్ట్ సైజు ఫోటో, ఎందుకైనా మంచిది పదో తరగతి సర్టిఫికెట్ జత చెయ్యమన్నాం.

"ఒక్క పేజీయే మామా. పంపించేశా కూడా."

"పోచ్ తీసుకున్నావా?"

"పోచ్ అంటే?"

గడ్చిరోలి జిల్లాలో పుట్టి పెరిగిన పిల్లవాడు, ఆఫీసులో కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోవడం మర్చిపోయాడు. అక్క ఫోన్ లాక్కుని వాణ్ణి తిట్టడం మొదలుపెట్టింది.