ర్యామ్ నిండిపోయిందని పిల్లల్ని భయపెట్టకండి

మా పిన్ని కొడుకు లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని ఇప్పుడే మారతహళ్లి పీజీకి వెళ్లాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతూనే ఉంది. ఇది రాయకపోతే నిద్ర పట్టదు.

వాడు ప్రొద్దుటూరు నుంచి బెంగళూరు వచ్చి మూడు నెలలైంది, కోర్సు చేస్తున్నాడు. పాత లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, పాతకాలం హార్డ్ డిస్క్, దాని మీద ఉబుంటు అనే లినక్స్. బాగానే నడుస్తోంది. ఒకరోజు టెర్మినల్‌లో, ర్యామ్ లెక్క చూపించే ఫ్రీ కమాండ్ కొట్టి చూస్తే ఫ్రీ అన్న చోట 240 ఎంబీ కనపడింది. వాడికి టెన్షన్. పీజీలో ఒక సీనియర్‌ని అడిగితే, ఐదు నిమిషాలకోసారి డ్రాప్ క్యాషెస్‌లో 3 రాసే లైనొకటి, అంటే ర్యామ్‌లో దాచుకున్న ఫైళ్లను వదిలించేసేది, టైముకి పనులు నడిపే క్రాన్‌లో పెట్టించాడు. మెషీన్ నత్తనడక పట్టింది ఆ రోజు నుంచే. తర్వాత ఎస్పీ రోడ్డులో ఒక కంప్యూటర్ షాపుకు వెళ్తే, మూత కూడా తెరవకుండా "ర్యామ్ చాలదు" అని 3,200 తీసుకుని ఇంకో 8 జీబీ వేశారు. మా పిన్ని రాత్రిళ్లు మిషన్ కుట్టి పంపిన డబ్బు అది! అయినా స్లో తగ్గలేదు.

మొదటి రోజు స్క్రీన్‌ని వాడు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాడు. చూపించమన్నాను. అదే వరుసలో చివరన అవైలబుల్ అని ఉంది, దాని కింద 4.6 జీబీ. నాలుగున్నర జీబీ పైనే చేతిలో ఉందిరా నాయనా! లినక్స్ ఖాళీగా ఉన్న ర్యామ్‌ని ఊరికే వదిలెయ్యదు, డిస్క్ నుంచి చదివిన ఫైళ్లను అందులో ఉంచుకుంటుంది. ఏదైనా ప్రోగ్రామ్‌కి చోటు కావాలంటే వెంటనే ఇచ్చేస్తుంది. ఫ్రీ, క్యాష్ అంకెలు కూడి వేసే అంచనాలు తప్పుతున్నాయనే కదా, ఎంత వాడుకోవచ్చో చెప్పే లెక్కను 2014లో లినక్స్ గుండెకాయైన కెర్నల్‌లోనే పెట్టారు. పోపుల డబ్బా పొయ్యి పక్కన ఉంటే ఎవరైనా గట్టు నిండిపోయిందని ఏడుస్తారా? ఆ సీనియర్ చేయించింది ఐదు నిమిషాలకోసారి పోపుల డబ్బాని అటక మీద పెట్టించడం. డ్రాప్ క్యాషెస్‌ని టెస్టింగ్‌కీ డీబగ్గింగ్‌కీ తప్ప వాడొద్దని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

ఆ లైను తీసేశాను, అంతే. ఎడిటర్ మొదటిసారి తెరుచుకోవడానికి పదహారు సెకన్లు పట్టింది. మూసి మళ్లీ తెరిస్తే మూడు. వాడు స్క్రీన్ వంక, నా వంక మార్చి మార్చి చూసి "అంతేనా అక్కా?" అన్నాడు.

నిజంగా ర్యామ్ చాలకపోతే తెలియదా? అవైలబుల్ అట్టడుగుకు పడిపోతుంది. వీఎంస్టాట్ కమాండ్ నడిపితే స్వాప్‌లోకి, అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటులోకి, రాకపోకలు ఆగకుండా కనపడతాయి. కెర్నల్ ఏదో ఒక ప్రాసెస్‌ని, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ని, చంపేస్తే సిస్టమ్ లాగ్ ఉండే జర్నల్‌లో అవుట్ ఆఫ్ మెమరీ అని రాసి ఉంటుంది. ర్యామ్‌ని ఎవరు తింటున్నారో, నడిచే ప్రోగ్రామ్‌ల జాబితా చూపే హెచ్‌టాప్‌లో మెమరీ ప్రకారం వరుస పెట్టుకుంటే పైనే కనపడుతుంది. సాధారణంగా బ్రౌజరే, లేదా లోపల ఒక బ్రౌజర్‌ని మోసుకు తిరిగే చాట్ యాప్‌లు. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు కూడా ఎవరూ పెట్టరు.

కోపం ఎందుకింత అంటే, ర్యామ్ వేశాక కూడా స్లో అని వాడు మళ్లీ వెళ్తే "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నారట ఆ షాపువాళ్లు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. 2019లో నా లాప్‌టాప్ స్లో అని ఒకచోట ఇస్తే, ఒక్క ఫోనైనా చెయ్యకుండా ఫార్మాట్ చేసి చేతిలో పెట్టారు. మా అమ్మమ్మ మంగళహారతులు పాడుతుంటే నేను రికార్డ్ చేసినవన్నీ అందులోనే ఉన్నాయి. ఆమె పోయి అప్పటికి నాలుగు నెలలు. "బ్యాకప్ తీసుకోవాలి కదా మేడమ్" అన్నాడా మనిషి. తీసుకోవాలి, నా తప్పే. కానీ తుడిచేసే ముందు అడగాల్సింది నువ్వు కాదా? ఏ ప్రాసెస్ తింటోందో ఒక్కసారి చూశావా?

వాడు లిఫ్ట్ దగ్గర ఆగి, "3,200 సంగతి అమ్మకు చెప్పకక్కా" అన్నాడు.