ఎక్స్‌రే యంత్రం గారికి, మేక కార్జం విషయమై

మహారాజశ్రీ ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ స్పెక్ట్రోమీటర్ గారి దివ్యసముఖమునకు,

మీ గదిలో ఏసీ కింద స్వెటర్ వేసుకుని కూర్చునే రీసెర్చ్ స్కాలర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే నోరు రావడం లేదు. మీ డిటెక్టర్ చల్లగా ఉండడానికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ వారం తప్పకుండా వస్తుంది. నా ఫెలోషిప్ వచ్చి ఐదు నెలలైంది. మీరు కాస్త వేడెక్కితే డిపార్ట్‌మెంటంతా పరిగెత్తుకొస్తుంది. నాకు జ్వరమొస్తే మాత్రం అటెండెన్స్ రిజిస్టర్ ఒక్కటే పట్టించుకుంటుంది.

ఇంతకీ మనవి ఏమిటంటే, మా మేక కార్జం గురించి.

ఆదివారం పొద్దున్నే మార్కెట్లో క్యూలో నిలబడి అందరూ కార్జం కొనేది వేపుడుకి. నేను పావుకిలో కొన్నది మీ నైవేద్యానికి. గడ్డకట్టించి, వాక్యూమ్‌లో రెండు రోజులు ఎండబెడితే నీళ్లన్నీ పోయి మూడో వంతుకు వచ్చింది. దాన్ని పొడి చేసి, ప్రెస్‌లో నొక్కి, రూపాయి బిళ్లకన్నా చిన్న పెల్లెట్‌గా మీ ముందు పెట్టాను. ఏ వస్తువులో ఏ మూలకాలున్నాయో చెప్పే మీ పని నాకు తెలియనిది కాదు. మీ ఎక్స్‌రే వెళ్లి పరమాణువు లోపలి గదిలోని ఎలక్ట్రాన్‌ని బయటికి తోస్తుంది. ఖాళీ అయిన కుర్చీలోకి పై వరసలోది దూకుతుంది. దూకినప్పుడు మిగిలిన శక్తి ఇంకో ఎక్స్‌రేగా బయటికొస్తుంది. ఏ మూలకం శక్తి దానిదే. ఇనుముకి 6.40, రాగికి 8.05, జింకుకి 8.64 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ లెక్కకి ఒక వరసుందని 1913లో పట్టుకున్నవాడు మోస్లీ అనే ఇంగ్లీషు భౌతికశాస్త్రవేత్త. రెండేళ్లు తిరక్కుండా గలిపోలీ యుద్ధంలో చనిపోయాడు, 27 ఏళ్లకే. ఆయన పేరు తలచుకున్నప్పుడల్లా మీ మీద కోపం కాస్త తగ్గుతుంది. మళ్లీ మీరు ఈ శక్తులన్నిటితో గీసే పటం, అదే స్పెక్ట్రమ్, చూడగానే వచ్చేస్తుంది.

ఎందుకంటే మీరు ఇనుము, రాగి, జింకు చూపించి ఊరుకోలేదు. 5.41 దగ్గర క్రోమియం, 7.48 దగ్గర నికెల్ కూడా చూపించారు. మా గైడ్ గారు కళ్లజోడు పైకి తోసి, "ఈ మేక ఏం మేసిందోయ్, స్టీల్ సామానా?" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

రెండు వారాలు నిద్ర పట్టలేదండీ. ఆఖరికి ఒప్పుకుంటున్నాను, మీకు మాత్రమే. అగేట్ రాతి కల్వంలో నూరుతుంటే చెయ్యి నొప్పెట్టి, రూమ్మేట్ మిక్సీలో ఒక్క తిప్పు తిప్పాను. ఒక్కటే. క్రోమియం, నికెల్ కలిసిన ఆ స్టీల్ బ్లేడు సంగతి మీరు ఊరంతా చాటారు. పోనీ క్రోమియం, నికెల్ తీసి పక్కన పెడదామా అంటే, స్టీల్‌లో ఇనుమే కదా ఎక్కువ. ఇప్పుడు ఆ ఇనుములో మేకదెంత, మిక్సీదెంత? అది మాత్రం మీరు చెప్పరు. పితూరీలు చెప్పే మనిషికి సగంలో ఆపడం బాగా తెలుసు.

రెండోసారి గ్లౌజులు మార్చాను. రబ్బరు తయారీలో జింకు కలుపుతారట, అదీ మేక ఖాతాలో పడుతుందని భయం. 2.96 దగ్గర ఆర్గాన్ కనిపిస్తే అది మేక పీల్చిన ఊపిరేమో అనుకున్నాను. కాదు, మీకూ పెల్లెట్‌కీ మధ్యనున్న గాలిది. ఎక్స్‌రే పుట్టించే మీ సొంత ట్యూబులోని రోడియం లోహాన్ని కూడా మా మేక ఖాతాలోనే రాశారు. పెళ్లికొచ్చి, ముందు తన చెప్పుల గురించే పంచాయితీ పెట్టే చుట్టాన్ని మిమ్మల్ని చూశాకే బాగా అర్థం చేసుకున్నాను.

పెళ్లంటే గుర్తొచ్చింది. శరీరం బరువులో 96 శాతం దాకా ఆక్సిజన్, కార్బన్, హైడ్రోజన్, నైట్రోజనే. ఈ నలుగురూ మీకు కనపడరు. కార్బన్ ఎక్స్‌రే శక్తి 0.28, మీ డిటెక్టర్ ముందున్న బెరీలియం లోహపు కిటికీ దాటే ఓపిక దానికి లేదు. పాపం హైడ్రోజన్‌కి తోయడానికి లోపలి గదే లేదు. అంటే వంట చేసినవాళ్లు, పందిరి వేసినవాళ్లు, వడ్డించినవాళ్లు ఎవరూ మీ కంటికి ఆనరు. ఎవరి మెడలో ఏముందో మాత్రం మిల్లిగ్రాములతో సహా చెప్తారు. బంగారం కొట్లో క్యారట్ మీటర్‌గా కూర్చున్నది మీ తమ్ముడే కదా, రక్తసంబంధం ఎక్కడికి పోతుంది!

మా బాబాయికి ఈ సంగతులేవీ తెలియవు. "నీ మిషన్‌లో నా జుట్టు పెట్టి చూడరా" అని కవర్లో చారెడు పంపాడు. 11.22 దగ్గర సెలీనియం గోపురంలా లేచింది. కంగారుపడి ఫోన్ చేశాను.

"బాబాయ్, ఏమైనా మందులు వాడుతున్నావా?"

"ఏం లేదురా, చుండ్రు షాంపూ ఒకటి."

సెలీనియం సల్ఫైడ్. ఈలోగా పిన్ని నాలుగు గుళ్లకి మొక్కేసింది.

అన్నీ తిట్లే అనుకోకండి. మీ వంశంలో గొప్పవాళ్లున్నారు. ఇండోర్‌లో, ఎలక్ట్రాన్లని గుండ్రంగా పరిగెత్తించి ఎక్స్‌రే పుట్టించే ఇండస్-2 సింక్రోట్రాన్‌లో మీ పెద్దన్నయ్య సన్నటి పుంజంతో, ఏ మూలకం ఎక్కడుందో పటం గీస్తాడు. ఎక్స్‌రేకి బదులు ప్రోటాన్లతో కొట్టే పిక్సీ పద్ధతి మీ మేనత్త కొడుకు. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు క్యాన్సర్ కణజాలం పట్టుకుని భువనేశ్వర్ వెళ్లింది అతని దగ్గరికే. వీళ్లందరికన్నా నాకు నచ్చినాయన ఎముకలో సీసం కొలిచేవాడు. కోత లేదు, సూది లేదు. మోకాలి కింద ముందెముక ఎదురుగా కాడ్మియం-109 అనే రేడియోధార్మిక పదార్థం పెట్టి అరగంట కదలకుండా కూర్చోమంటాడు. సీసం లోపలి ఎలక్ట్రాన్‌ని కదిలించడానికి 88.00 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కాడ్మియం గామా కిరణం దగ్గరున్నది 88.03. సరిగ్గా టికెట్ డబ్బులు, పైన టీకి చిల్లర. రక్తంలో సీసం నెలకి సగమైపోతుంది కానీ ఎముకలోది ఏళ్ల తరబడి ఉంటుంది. ఎప్పుడో బ్యాటరీలు కరిగించిన పని మనిషి మర్చిపోయినా ఎముక మర్చిపోదు. ఆయన్ని చూసైనా మీరు కాస్త హుందాగా ఉండొచ్చు.

మీరేమో ఆర్సెనిక్‌నీ సీసాన్నీ కూడా విడిగా గుర్తుపట్టరు. ఒకటి 10.54, ఇంకోటి 10.55. పక్కనున్న రెండో గీతలు చూస్తే తప్ప ఎవరెవరో తేలదు. రెండూ విషాలేగా, ఎవరైతే ఏం అన్నట్టుంటుంది మీ వాలకం. ఇంత చూపుకి రిపోర్టులో మాత్రం నాలుగు దశాంశాలు!

సరే, మూడో కార్జం ఫ్రీజర్‌లో ఉంది. ఈసారి సిరామిక్ కత్తి, పొడి అంతా కల్వంలోనే, ఎంతసేపైనా సరే. సరిపోల్చడానికి, ఏ మూలకం ఎంతుందో ముందే తేల్చిన ఎద్దు కార్జం పొడి సీసా కూడా అమెరికా నుంచి తెప్పించాం. మన మేకది కిలోల లెక్క, వాళ్ల ఎద్దుది గ్రాముల లెక్క. దాని మూత తీసే అధికారం గైడ్ గారికే.

మిక్సీ కడిగి, మళ్లీ కడిగి రూమ్మేట్‌కి ఇచ్చేశాను. నిన్న వాడు దాంట్లో పల్లీ చట్నీ చేశాడు. "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు. ఇడ్లీ ముంచి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు సంగతి తెలియలేదు కానీ, 5.41 దగ్గర చిన్న పీక్ తగిలింది.

ఇట్లు,
మీ విధేయుడు,
సోమవారం రాత్రి స్లాట్ వాడు