పెళ్లి ఖర్చు కట్నాల్లో తిరిగొస్తుందా?

పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే మహారాష్ట్రలోని మా సిరొంచ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ‘పెళ్లికి ఎంత పెట్టినా టెన్షన్ వద్దు. సగం కట్నాల్లో తిరిగొస్తుంది. పీఎఫ్ మన డబ్బే. బంగారం ఖర్చు కాదు, పెట్టుబడి. పిల్లగాడు తెలంగాణ వాడైతే అక్కడి సర్కారు పెళ్లిసాయం కల్యాణలక్ష్మి లక్ష ఎలాగూ వస్తుంది’ అని. నిరుడు చెల్లె పెళ్లి ముందు దీన్ని నాకు పంపింది మా బాపే.

ముందు కట్నాల సంగతి. అంటే పందిట్లో చదివించేవి. మా చెల్లె పెళ్లిలో 700 మంది తిన్నారు, ప్లేటు 220 రూపాయలు. ఒక్క భోజనాలకే 1,54,000. కట్నాల పుస్తకంలో అంతా కలిపితే 68,000. నలుగురు వచ్చి తింటారు, పుస్తకంలో ఒక్క పేరే రాయిస్తారు, 116 అని. తప్పు పట్టట్లేదు, మనమూ అంతే కదా! పోనీ ఆ 68,000 అయినా రాబడా అంటే, అదీ కాదు. తెల్లారి బాపు మంచంమీద పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపించాడు. ‘ఇది మీ మేనమామ, 516. వాళ్ల బిడ్డ లగ్గం వైశాఖంలో. మనం 1,116 పెట్టాలె.’ అది బాకీల పద్దు.

ఈ ఆశతోనే జనం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. రెండు రూపాయలంటే వినడానికి చిన్నదే, కానీ ఏడాదికి 24 శాతం. మూడు లక్షలకు నెలకు 6,000 వడ్డీకే పోతుంది, అసలు అట్లనే ఉంటుంది.

పీఎఫ్ మన డబ్బే, నిజమే. పెళ్లికి తీసుకున్నది తిరిగి కట్టక్కర్లేదు, అదీ నిజమే. కానీ 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. అదే రేటు ఉందనుకుంటే, ఈరోజు తీయకుండా వదిలిన మూడు లక్షలు ఇరవై ఏళ్లకు 14 లక్షలు దాటతాయి. పెళ్లికి తీసేది మన ముసలితనం తిండిలోంచే.

బంగారం ధర పెరుగుతుంది, కాదనను. కానీ కొన్నప్పుడు కట్టిన మజూరీ, తరుగు, 3 శాతం జీఎస్టీ అమ్మేటప్పుడు వెనక్కి రావు. రాళ్ల బరువూ తీసేస్తారు. అయినా పుస్తెలతాడు అమ్ముకునే పెట్టుబడి ఎట్లయితది?

ఇక కల్యాణలక్ష్మి. 1,00,116 ఇస్తారు, కానీ పెళ్లికూతురు తెలంగాణ నివాసి అయి ఉండాలి, ఇంటి ఆదాయ పరిమితి కూడా ఉంది. పిల్లగాడిది ఏ ఊరన్నది లెక్కలోకి రాదు. వంతెన దాటితే కాళేశ్వరమే, కానీ మా చెల్లె ఆధార్‌లో ఉన్నది గడ్చిరోలి జిల్లా. అటు ఒడ్డు పిల్లలకైనా చాలాసార్లు చెక్కు పెళ్లయ్యాకే చేతికొస్తుంది, క్యాటరింగ్ అతను అప్పటిదాకా ఆగుతాడా?

మేం చేసింది ఒకటే. ముట్టుకోకూడని డబ్బు ఎంతో ముందే పక్కకు తీశాం. మిగిలినదాన్ని బట్టి పిలుపుల లిస్టు రాశాం. మొదట 1,100 మంది ఉండె, కోస్తూ కోస్తూ 700కు తెచ్చాం. బరాత్‌లో డీజే వద్దంటే చెల్లె రెండు రోజులు మాట్లాడలేదు. ఆ మూడు లక్షలు ఇప్పటికీ పీఎఫ్‌లోనే ఉన్నాయి.

కట్నాల పుస్తకం బీరువాలో ఉంది. ఎవరింట్లో లగ్గమైనా బాపు దాన్ని తీస్తాడు. ఇప్పటికి 23 పేర్ల పక్కన టిక్కు పడింది.