ఎంతమందిలో ఎంతమంది?

2025 జులై మొదటి వారంలో, బెంగళూరు మారతహళ్లిలో మా కింది ఇంట్లో ఉండే కడప పెద్దాయన తెల్లవారకముందే బన్నేరుఘట్ట రోడ్డుకు బయల్దేరారు. జయదేవ ఆసుపత్రిలో గుండె పరీక్ష చేయించుకోవాలట. నొప్పి లేదు, ఆయాసం లేదు. "టీవీలో పొద్దస్తమానం అదే సూపిస్తాండారు నాయనా, కరోనా టీకా ఏసుకున్నోళ్లు గుండెపోటుతో పోతాండారంట" అన్నారు. ఆ రోజుల్లో అలా భయపడి వచ్చినవాళ్లతో జయదేవ ఓపీ కిక్కిరిసిపోయింది.

కర్ణాటకలోని హాసన్ జిల్లాలో నెల రోజుల్లో 20 మందికి పైగా గుండెపోటుతో చనిపోయారన్నది వార్త. అది నిజమే. వాళ్లలో చిన్న వయసువాళ్లూ ఉన్నారు, ఆ ఇళ్లలో శోకమూ నిజమే. కానీ ఎంతమంది పోయారో చెప్పినవాళ్లు ఎంతమందిలో అన్నది చెప్పలేదు. హాసన్ జనాభా 2011 లెక్కల్లోనే 17 లక్షలు దాటింది. మన దేశంలో ఏటా వెయ్యిమందికి ఆరేడుగురు కన్నుమూస్తారు. వాళ్లలో నాలుగోవంతుకు తగ్గకుండా గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోతారు. కాగితం మీద గుణించి చూస్తే, అంత జనాభా ఉన్న జిల్లాలో ఏ మామూలు నెలలోనైనా ఇలాంటి మరణాలు 200 దాటాలి. వీటిలో ఎక్కువ ముసలివాళ్లవే అయ్యుంటాయి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: నలభై ఏళ్లలోపువాళ్లు నిరుడు ఇదే నెలలో ఎంతమంది పోయారు, ఈసారి ఎంతమంది? తెలుగులో గానీ కన్నడంలో గానీ నేను చూసిన చర్చల్లో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

జులై 1న ముఖ్యమంత్రి సిద్ధరామయ్యే, కోవిడ్ టీకాకు హడావుడిగా అనుమతివ్వడం కూడా కారణం కావచ్చని సామాజిక మాధ్యమంలో రాశారు. ఐసీఎంఆర్, ఎయిమ్స్ అధ్యయనాల్లో అలాంటి సంబంధమేదీ కనపడలేదని కేంద్ర ఆరోగ్యశాఖ మర్నాడే చెప్పింది. అప్పటికే "కావచ్చు" అన్న మాట టీవీ తెర మీద ప్రశ్నార్థకంగా మారింది. వాట్సాప్‌లోకి దిగేసరికి ఆ ప్రశ్నార్థకం కూడా రాలిపోయింది.

అంతకు కొద్ది రోజుల ముందు, జూన్‌లో, అదే సిద్ధరామయ్య ప్రభుత్వం తప్పుడు సమాచారాన్ని అరికట్టేందుకు తయారుచేసిన బిల్లు ముసాయిదా బయటికొచ్చింది. 7 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. సైన్సు, చరిత్ర వంటి విషయాల మీద సామాజిక మాధ్యమాల్లో రాసేది ప్రామాణిక పరిశోధన ఆధారంగానే ఉండేలా చూడ్డానికి ఒక అథారిటీ. ఇది తుదిరూపం కాదని ప్రభుత్వం తర్వాత సర్దిచెప్పింది. ఆ చట్టమే అమల్లో ఉండి ఉంటే కేసు ఎవరి మీద పెట్టేవాళ్లు? ముఖ్యమంత్రి మీదా, ఆయన మాటను పదిమందికి పంపిన హాసన్ కుర్రాడి మీదా? కుర్రాడి మీదేనని నా భయం. నిజానికి ఇద్దరి మీదా పెట్టకూడదు.

ఎందుకంటే అనుమానాన్ని నేరం చేస్తే ముందు నోరు మూతపడేది డాక్టర్లకే. 2021 మార్చిలో యూరప్‌లో కొందరు వైద్యులు, ఆస్ట్రాజెనెకా టీకా వేసుకున్న కొద్దిమందిలో రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు పడిపోవడం గమనించి గొంతెత్తారు. ఆ రోజున వాళ్ల చేతిలో ఉన్నది కొందరు రోగుల కేసు షీట్లే. ఏప్రిల్‌లో యూరోపియన్ మందుల ఏజెన్సీ, అది చాలా అరుదైన దుష్ప్రభావమేనని తేల్చింది. మనలో ఎక్కువమంది వేసుకున్న కోవిషీల్డ్ ఆ టీకానే. 2024లో, ఆ కంపెనీ బ్రిటన్ కోర్టులో ఈ సంగతి ఒప్పుకుందన్న వార్త వచ్చినప్పుడు, మూడేళ్ల కిందటే తెలిసిన విషయం అప్పుడే బయటపడ్డ రహస్యంలా ప్రచారమైంది. ఆ గడ్డలు సాధారణంగా టీకా వేసిన కొన్ని వారాల్లోపే కనపడతాయన్న ముక్క నేను విన్న చర్చల్లో లేదు. ఆ ఒక్క ముక్క తెలిసినవాళ్లు, ఏళ్లు గడిచాక వచ్చిన గుండెపోటును దానికి ముడిపెట్టరు.

చెప్పకుండా వదిలేసిన ముక్కకు ఏ సెక్షన్ పెడతారు? చెప్పినంతవరకూ అబద్ధం లేదు కదా. నేను కోరేది సవరణ. తప్పు చెప్పిన చోటే, అంతే సేపు, అంతే పెద్ద అక్షరాల్లో సరిదిద్దమనడం రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన మాట హక్కుకు భంగం కాదు. పతంజలి మందుల తప్పుదోవ ప్రకటనల కేసులో 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అడిగింది కూడా అదే: క్షమాపణ మీ ప్రకటనలంత సైజులో వేశారా అని. మర్నాడు పత్రికల్లో మరింత పెద్ద క్షమాపణ వచ్చింది. వ్యాపార ప్రకటన వేరు, వార్త వేరు, ఒప్పుకుంటాను. వార్త విషయంలో ఆ కొలబద్ద కోర్టు చేతిలో ఉండకూడదు, ఎడిటరే పట్టుకోవాలి. హాసన్ మరణాలకు గంటలు కేటాయించిన ఛానెల్, వాటి మీద వచ్చిన నివేదికకు కనీసం ఒక గంట బాకీ ఉంది.

ఆ నివేదిక జులైలోనే వచ్చింది. టీకాతో సంబంధానికి ఆధారం కనపడలేదనీ, పొగ, షుగరు, బీపీ లాంటి పాత కారణాలే ఉన్నాయనీ జయదేవ డైరెక్టర్ డాక్టర్ కె.ఎస్. రవీంద్రనాథ్ నేతృత్వంలోని కమిటీ చెప్పింది. మెట్ల దగ్గర కనపడితే మా పెద్దాయనకు ఈ మాట చెప్పాను.

"ఎప్పుడొచ్చింది నాయనా?" అన్నారు. "నేను దినామూ టీవీ ముందరే కూర్చోనుంటినే."