1959 ఆయుధాల చట్టం గారికి ఒక మాజీ ఎస్సై విన్నపం

అయ్యా,

నేను పుట్టింది 1963లో. మీరు నాకన్నా నాలుగేళ్లు పెద్ద. నాకు 61 నిండగానే శాలువా కప్పి, దండ వేసి, జీపులో తెచ్చి ఇంటి ముందు దింపేశారు. మీకు మాత్రం సవరణలే తప్ప రిటైర్మెంటు లేదు. పెట్టి పుట్టారు.

ఆ రోజు పొద్దున ఆయుధాల గదిలో పిస్టల్ అప్పగించాను. "పిస్టల్ ఒకటి, మ్యాగజైన్లు రెండు, రౌండ్లు ఇరవై" అని పైకి చదివి సంతకం పెట్టించుకున్నారు. అప్పటిదాకా అది నా నడుముకుంటే మీరు పట్టించుకోలేదు. డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగి జోలికి రానని 45వ సెక్షన్‌లో మీరే రాసుకున్నారు. తెల్లారి అదే నడుముకి అలాంటిదే పెట్టుకుంటే, నా మీదే కేసు.

నా బెల్టు చూడండి. కుడివైపు తోలు ఒరుసుకుపోయి అద్దంలా మెరుస్తుంది. ఇప్పటికీ కుర్చీలో కూర్చోబోతే కుడిచెయ్యి దానంతటదే వెళ్లి లేని పిస్టల్‌ని సర్దుతుంది. పెళ్లి భోజనాల దగ్గర చూసినవాళ్లు నడుంనొప్పి అనుకుని ఏ నూనె రాయాలో చెబుతున్నారు.

సరే, తుపాకీ లైసెన్సుకి పద్ధతి ప్రకారం దరఖాస్తు పెట్టాను. 2016 నిబంధనల్లో పోలీసు శాఖలో పనిచేసినవాళ్ల పేరూ ఎత్తారు, సంతోషం. కాకపోతే ప్రాణానికో ఆస్తికో నిజమైన అవసరం ఉండాలన్నారు. నేను ఇరుక్కుపోయింది అక్కడే. తొంభైల్లో కరీంనగర్ వైపు ఊళ్లలో రాత్రిళ్లు లైటు వేసుకోకుండా అన్నం తిన్న రోజుల్లో అడిగి ఉంటే పేజీలకు పేజీలు నింపేవాణ్ణి. ఇప్పుడు ఏం రాయను? బీపీ, షుగర్, మా గేటుకి అడ్డంగా కారు పెట్టే పక్కింటాయన. మూడింటికీ మీ దగ్గర తూటా లేదు.

స్టేషన్ నుంచి రిపోర్టు రావాలన్నారు కదా, ఒక కానిస్టేబుల్ వచ్చాడు. ట్రైనింగులో వాడికి గురి చూడటం నేర్పింది నేనే. టీ తాగి, తల వంచుకుని, "సార్, మీ మీద కేసులేమైనా ఉన్నాయా?" అన్నాడు. చచ్చేంత సిగ్గుపడ్డాడు పాపం. నేనూ పడ్డాను.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడి రిటైర్డ్ పోలీసుల సంగతి చెబితే కుళ్లొచ్చింది. 2004లో వాళ్లకో ఫెడరల్ చట్టం వచ్చింది. పదేళ్లు సర్వీసు చేసి మచ్చలేకుండా బయటికొచ్చి, గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని, ఏటా సొంత ఖర్చుతో కాల్చి చూపిస్తే చాలు, ఏ రాష్ట్రంలోనైనా తుపాకీ చొక్కా లోపల దాచి పెట్టుకుని తిరగొచ్చు. మా రాష్ట్రం పర్మిట్ కూడా ఉండాల్సిందేనని న్యూజెర్సీ పట్టుబడితే, 2024లో అప్పీలు కోర్టు కుదరదంది. ఏటా కాల్చి చూపించడం మాత్రం నాకు నచ్చలేదు. చివరిసారి రేంజిలో నా రౌండ్లు పక్కవాడి టార్గెట్‌కి తగిలాయి. వాడికి ప్రశంసాపత్రం వచ్చింది.

పోనీ మీరు దయతలచి ఇచ్చారే అనుకుందాం. ఎన్నికలొస్తే పట్టుకెళ్లి స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. సర్పంచ్, ఎంపీటీసీ, అసెంబ్లీ, పార్లమెంటు... మా ఊళ్లో గొడవలు జరిగేదే అప్పుడు. గొడవల్లో తుపాకీ అక్కడ, ప్రశాంతంగా ఉన్నప్పుడు నా బీరువాలో. 2019లో మీరు మనిషికి మూడు తుపాకులని రెండుకి తగ్గించారు. ఆ మూడోవి నాలాంటివాళ్లకి పంచినా పోయేది.

నా దరఖాస్తు తిరిగొచ్చింది. "ప్రాణహాని ఉన్నట్లు కనబడలేదు" అని రాశారు. అంతకన్నా అవమానం ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో జరగలేదు. అప్పీలు చేస్తున్నాను. మళ్లీ విచారణ వేస్తే వేయండి కానీ, మా ఆవిడ వాంగ్మూలం మాత్రం తీసుకోవద్దని మనవి. ఈ నెలలో నేను ఇంటి తాళంచెవి పోగొట్టుకోవడం ఇది మూడోసారి.

ఇట్లు
మీ విధేయుడు